దిబ్బలు, రాళ్ళు, వీరగాథలు



ఈనాడు నేను మీతో మాటాడదలచినది మన గ్రామముల పొలిమేరలలో పడియున్న పాతదిబ్బలను గూర్చియు, వ్రాతరాళ్ళను గూర్చియు, అక్కడక్కడ ఇంకను వినబడుచున్న వీరగాథలను గూర్చియు. చరిత్రమనగా ఢిల్లీలోనో హంపీలోనో జరిగినదని మనలో పెక్కురి తలంపు. అది మన ఊరిబావి గట్టునకూడ నున్నదని చెప్పుటయే నా యుద్దేశము. ఇతరుల తప్పులు ఎన్నుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము గావున, దానితోనే ఆరంభింతును.

మా ఊరి శివాలయము వాకిట, నడుమువరకు భూమిలో దిగబడిన రాయి యొకటి యుండెడిది. దాని పైభాగమున సూర్యచంద్రుల బొమ్మలు, వానిక్రింద అక్షరములు. పసులకాపరులు మధ్యాహ్నవేళ దానికి వీపానించి కూర్చుండెడివారు. నేను పట్టణమున చదువు ముగించి వచ్చిన సంవత్సరమున దేవాలయపు ప్రహరీగోడ పడిపోగా, పెద్దలు చందాలు వేసి మరల కట్టించిరి. మెట్లకు రాయి తక్కువపడినది. కాసెపనివాడు ఆ వ్రాతరాతిని చూపి, ఇది చీల్చిన మూడు మెట్లు వచ్చుననెను. పెద్దలు సందేహించి, చదువుకొన్న వాడనుగదా యని నన్నడిగిరి. నేను అక్షరములవంక చూచితిని, ఒక్కటియు తెలియలేదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “దానివలన ప్రయోజనమేమున్నది? కొట్టించుడు” అంటిని. మరునాటికి అది మూడు ముక్కలయ్యెను.

ఇరువదియేండ్లు గడచిన పిదప, శాసనములు చదువ నేర్చిన మిత్రుడొకడు మా ఇంటికి వచ్చెను. దేవాలయమునకు పోయినప్పుడు మెట్టుక్రింద అక్షరములు కనిపెట్టి, రాతిని పెకలింపించెను. ఆయన పనిచేసిన తీరు చెప్పవలయును. రాతిని నీటితో కడిగి, తడిపిన దళసరి కాగితమును దానిపై పరచి, కుంచెతో నెమ్మదిగా కొట్టెను. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగిన పిమ్మట పైన సిరా అద్దెను. గుంటలు తెల్లగాను, తక్కిన భాగము నల్లగాను తేలి, అంతవరకు కంటికానని వ్రాత కాగితముమీద స్పష్టముగా నిలిచెను. మొదటి ముక్కమీద మంగళవాక్యమును, తిథివారములును ఉన్నవి. మూడవదానిమీద, ఈ ధర్మమును చెరచినవాడు మహాపాపమును పొందునను శాపవాక్యమున్నది. దేవుని అఖండదీపమునకు ఎవరో భూమి యిచ్చిరని మాత్రము తెలిసినది. ఇచ్చినవాని పేరు, చేని ఎల్లలు, నాడు మా ఊరికున్న పేరు, ఇవి యన్నియు నడిమి ముక్కమీద ఉండవలసినవి. ఆ ముక్క ఏ బాటక్రింద పడినదో ఎంత వెదకినను దొరకలేదు. ఊరిపేరు రావలసిన చోటనే రాయి తెగినది. నా మిత్రుడు శాపవాక్యమును పైకి చదువుచుండగా, అది ఎవరికొరకు వ్రాయబడినదో నాకు తెలిసినది.

నేను చేసినది చిన్నయూరిలో చిన్నరాయి. ఇట్టిదే పెద్దయెత్తున జరిగిన స్థలములు మన కృష్ణాతీరముననే ఉన్నవి. వానిలో మొదటిది అమరావతి.

నేడు అమరావతి మహాచైత్యమని లోకమంతయు చెప్పుకొను కట్టడము, క్రీస్తుపూర్వమే పుట్టి, శాతవాహనుల కాలమున పెంపొంది, చుట్టును శిల్పపు రాతిప్రాకారముతో వెలసినది. ఆ పట్టణము నాటిపేరు ధాన్యకటకము. క్రీ. శ. 1344 నాటి సింహళదేశపు గడలాదెణియ శాసనములో, ధర్మకీర్తియను భిక్షువు ధాన్యకటకమున ఒక విగ్రహగృహమును బాగుచేయించినట్లున్నది. అనగా పదునాల్గవ శతాబ్దమునందును ఆ స్థలమెట్టిదో ఎరిగినవారుండిరి. తరువాతి నాలుగువందల యేబదియేండ్లలో ఆ యెరుక తుడిచిపెట్టుకొనిపోయినది. పదునెనిమిదవ శతాబ్దాంతమునకు అది మట్టి కప్పిన దిబ్బ. దాని పేరు దీపాలదిన్నె. ఊరిలో దానికి పూజ లేదు, కథ లేదు, కాపు లేదు.

1796 ప్రాంతమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో నూతనపట్టణము నిర్మింప నారంభించిరి. ఆయన దుష్టుడు కాడు. గొప్పదాత, అమరేశ్వరుని భక్తుడు. పట్టణమునకు ఇటుకయు రాయియు కావలసియుండెను. పనివారు దిబ్బను త్రవ్వగా పెద్ద యిటుకలును, తెల్లని రాతిపలకలును బయటపడెను. ఆ పలకలు పల్నాటి సున్నపురాతివి. మెట్లకు పనికివచ్చినవి మెట్లకును, గోడలకు పనికివచ్చినవి గోడలకును పోయెను. తక్కినవానిలో ఎన్నియో బట్టీలో కాలి సున్నమైపోయెను. వేయియేండ్లకు పైబడి నిలిచిన శిల్పము ఇంటిగోడకు వెల్లయైనది.

కర్నల్ కాలిన్ మెకంజీ ఆ వార్త విని వచ్చి చూచెను. ఆయన 1816లో మరల వచ్చి తన చిత్రకారులచే బొమ్మలు వ్రాయించునప్పటికి, దిబ్బనడుమ చెరువు త్రవ్వబడియుండెను. మెకంజీ చిత్రములు లేకున్నచో అక్కడి శిల్పములు కొన్ని యెట్లుండెనో నేడు తెలియకయే పోయెడిది; వాని రాళ్ళు మరి లేవు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి కొన్ని పలకలను మదరాసునకు పంపెను. అవి అచ్చట చాలకాలము ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడ యెక్కి లండన్ చేరెను. అచ్చటను ఒక భవనపు బండ్లశాలలో పడియుండగా, 1867లో ఫెర్గుసన్ అను పండితుని కంటబడెను. 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరిన ఆ రాళ్ళు నేటికిని అచ్చటనే యున్నవి. 1877లో సూయెల్, 1881-82లో బర్జెస్ మిగిలిన భాగములను పరిశీలించిరి. ఆ రాళ్ళలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి. కొన్ని అమరావతిలోనే యున్నవి. ఈ మూడుచోట్లను చూచినవానికిగాని మన శిల్పుల పనితనము సగమైనను తెలియదు; బట్టీలో కాలినది ఎన్నడును తెలియదు.

దొరలు మనరాళ్ళు ఎత్తుకొనిపోయిరని కోపపడుట సహజము. ఆ కోపమునకు న్యాయమున్నది. కాని ఓడ యెక్కిన రాళ్ళు ఎక్కడనో ఒకచోట నిలిచియున్నవి. సున్నమైన రాళ్ళు ఎక్కడను లేవు. వానికి నిప్పుపెట్టినది మనచేతులే.

రెండవది భట్టిప్రోలు. అచ్చటి దిబ్బను అక్కడివారు నలుగురిలో పలుకుటకు బాగులేని పేరుతో పిలిచెడివారు. పేరు నీచమైనప్పుడు దానిని కొల్లగొట్టుటకు చేయి వెనుదీయదు. పందొమ్మిదవ శతాబ్దమున కాలువలు, బాటలు వేయు పనుల దినములలో, దాని యిటుకలు బాటలకును, చలువరాళ్ళు వెల్లటూరు దగ్గరి కాలువ కట్టడమునకును తరలిపోయెను. అట్లు దోపిడియైన పిదప 1892లో అలెగ్జాండర్ రే అను అధికారి అడుగుభాగమును త్రవ్వించెను. బుద్ధధాతువులుంచిన రాతిబరిణెలు మూడు దొరకెను. వానిపై క్రీస్తునకు పూర్వపు బ్రాహ్మీలిపిలో దాతల పేర్లును, కుబీరకుడను రాజు పేరును ఉన్నవి. దక్షిణదేశపు లిపుల పుట్టుకను విచారించు పండితులందరు ఆ బరిణెలను తలపక ముందునకు సాగరు. మరి రెండుమూళ్ళు లోతుగా పలుగు దిగియుండినచో, ఆ బరిణెలును ఏ యింటనో ఉప్పుపాతరలై యుండెడివేమో!

మూడవది నాగార్జునకొండ. దీని కథ వేరు. పల్నాటిలో మాచర్లకు ఆవల, చుట్టును కొండలు, ఒకవైపు కృష్ణ గల లోయలో, మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజుల రాజధాని విజయపురి యుండెను. చాంతిసిరియను రాజసోదరి అచ్చటి మహాచైత్యమునకు స్తంభములెత్తించినట్లు శాసనములు చెప్పుచున్నవి. లోయ అడవిపడి ఎన్నియో యేండ్లు గడచెను. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారను బడిపంతులు అచ్చట అక్షరములుగల ప్రాచీనస్తంభము చూచెను. ఆయనకును ఆ లిపి రాదు. అయినను ఊరకుండక దొరతనమువారికి తెలియజేసెను. శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా నుండిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచిరి. 1927 మొదలు లాంగ్‌హర్స్ట్ త్రవ్వించెను. స్తూపములు, విహారములు, శిల్పములు, శాసనములు బయల్పడెను.

నేను ఈ వృత్తాంతమును చదివినపుడెల్ల తలవంచుకొందును. ఆ పంతులుగారికి తెలియనిదే నాకును తెలియలేదు. తెలియనిదానిని విలువలేనిదని నేనంటిని. తెలిసినవారికి చూపవలెనని ఆయన యనుకొనెను. మాకు గల భేదమంతియే.

తరువాత ఆ లోయకు మరియొక కష్టము వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లక్షల ఎకరములకు నీరు కావలెను. లోయ మునుగక తప్పదు. ఈసారి పలుగులకంటె ముందు పండితులు దిగిరి. 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి ఆధిపత్యమున లోయయంతయు త్రవ్వి పరిశీలింపబడినది. ముఖ్యకట్టడములు కొన్ని రాయిరాయి విప్పి కొండమీదను, కొన్ని అనుపు గట్టుమీదను మరల నిలుపబడెను. నేడు జలాశయము నడుమ ద్వీపమైన ఆ కొండమీద మ్యూజియమున్నది. అన్నియు దక్కినవని చెప్పను. మునిగినది చాల కలదు. కాని మునుగుచున్నదేదో తెలిసికొని, వ్రాసికొని, తీయగలిగినది తీసి, పిదప నీరు వదలిరి. అన్నమా, చరిత్రమా యను ప్రశ్న మన గ్రామములలో తరచుగా వచ్చుచుండును. రెంటికిని చోటు చూచుట కష్టమేగాని, పొత్తుగా అసాధ్యము కాదని ఆ లోయ చూపినది.

అచ్చట దొరకిన రాళ్ళలో ఒక తెగవానిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును. అవి ఛాయాస్తంభములు, అనగా చనిపోయినవారి స్మారకముగా నిలిపిన రాళ్ళు. రాజునకు మాత్రమే కాదు, సేనానులకు, యుద్ధమున కూలిన భటులకు, శిల్పము చెక్కు పనివారికికూడ అచ్చట స్తంభములున్నవి. మృతుని బొమ్మ, పేరు వానిపై చెక్కియుండును. పల్నాటి నేల మృతులను మరువని నేల యని నాకు తోచును. ఏలయన, ఆ లోయకు దూరము గాని కారెమపూడిలో వీరుల స్మృతి నేటికిని సజీవముగా నున్నది.

పండ్రెండవ శతాబ్దపు చివరిభాగమున గురజాల నలగామరాజునకును, మాచర్ల మలిదేవాదులకును జరిగిన పోరు మీలో ఎరుగనివారుండరు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు అను పేర్లు తెలుగుపిల్లలు తొట్టిలలో వినిన పేర్లు. యుద్ధము జరిగిన కారెమపూడిలో వీరులగుడి కలదు. ఏటేట కార్తికమాసపు అమావాస్యతో ఆరంభించి అయిదుదినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినముల పేర్లు. నానాగ్రామముల వీరాచారవంతులు కొణతములను ఆయుధములను భుజములపై మోసికొనివచ్చి, నాగులేటిలో స్నానము చేయించి పూజింతురు. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒకపంక్తిని భుజింపజేసిన చాపకూడు ఆ దినములలో నేటికిని జరుగును. ఎనిమిదివందల యేండ్లు గడచినను, యుద్ధమున ఏదినమున ఏమి జరిగినదో తిథుల లెక్కతో నడపుచున్న ఊరది. వీరవిద్యావంతులు రాత్రులు తెల్లవార్లు నిలిచి ఆ గాథ పాడుదురు.

శ్రీనాథునిదని చెప్పబడు పల్నాటి వీరచరిత్రమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి ప్రకటించిరి. కాని పాటగాండ్ర నోట నిలిచిన కథ ఆ గ్రంథముకంటె చాల విరివియైనది. అలిసెట్టి గాలెయ్యయను పాటగాడు పాడగా దానిని యంత్రముపై పట్టి, ఆంగ్లమున వ్రాసి, జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు 1982లో గ్రంథముగా ప్రకటించెను. మరల పరదేశియే! ఈసారి మనము సంతోషింతము. ఏలన పాటను ఎవరు వ్రాసికొనిపోయినను అది పాటగానిని విడిచిపోదు.

ఇప్పుడు ఈ స్థలములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. అమరావతి స్తూపము కారెమపూడి వీరులగుడికంటె ఎంతయో ఘనమైన కట్టడము. అయినను అది బట్టీపాలయ్యెను, ఇది నిలిచెను. అమరావతికి రాయి మిగిలినది, ఆ రాతినిగూర్చి చెప్పుకొను మాట మిగులలేదు. కారెమపూడిలో మాట మిగిలినది. మాట రాతికి కాపలా కాచినది. ఇది వీరుడు పడినచోటని ఎరిగినవాడెవడును దానిని మెట్టుగా చీల్పడు. కావున జానపదుల పాటలు, జాతరలు, కథలు వేరు, పురాతన కట్టడములు వేరు అని మనము తలపరాదు. ఒకటి పోయిన రెండవదానికి దిక్కులేదు.

ఈ సంగతి మెకంజీకి తోడైన తెలుగువారికి తెలిసియుండెను. కావలి వెంకట బొఱ్ఱయ్యగారును, ఆయన సోదరులును, ఇతర సహాయకులును ఊరూర తిరిగి, కరణములను వృద్ధులను అడిగి, గుడి ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, ఊరికి పేరెట్లు వచ్చెనని విచారించి వ్రాయించిరి. అవియే గ్రామకైఫీయతులు. వానిలో పొరపాట్లు లేకపోలేదు. కాని ఆనాడు వృద్ధులు చెప్పకున్నను, వీరు వ్రాయకున్నను, మన గ్రామములలో పెక్కింటికి గతమనునదే లేకుండెడిది. బొఱ్ఱయ్యగారు 1803లో యౌవనముననే గతించిరి. ఆ పని ఇంకను పూర్తికాలేదు. నేడు కరణములు లేరు. కైఫీయతు చెప్పవలసినవారు మీరే.

తెలుగుభాష ఎంత ప్రాచీనమని ఎవరైన అడిగినపుడు మనము చూపునదికూడ గ్రామముల రాళ్ళనేగదా! కడపమండలములోని కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు అను ఊళ్ళలోని ఆరవశతాబ్దపు రేనాటిచోళుల శాసనములే మన వాక్యములకు మొదటి సాక్షులు. కలమళ్ళ రాయి యుండినది చెన్నకేశవుని గుడి యావరణలోనే. ఆ గుడికి ఎన్నడో ప్రహరీగోడ పడినప్పుడు నావంటి చదువరి లేకపోవుట మన భాగ్యము.

ఇక గ్రామపెద్దలకు నా విన్నపము. గుడిని జీర్ణోద్ధరణము చేయదలచినపుడు, పలుగు వేయకముందు ప్రతిరాతిని కడిగి చూడుడు. అక్షరములున్నచో ఉలితో గీకింపకుడు, రంగు పూయింపకుడు, సున్నము కొట్టింపకుడు. నేడు ఇంటింట బొమ్మతీయు చేతిఫోను కలదు. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో తీసిన బొమ్మలో అక్షరములు చక్కగా తేలును. ఆ బొమ్మను పురావస్తుశాఖవారికి పంపుడు. శాసనములు చదువుటకు ఆ శాఖకు మైసూరులో ప్రత్యేకవిభాగమే కలదు. పొలము దున్నునపుడు విగ్రహమో, నాణెముల ముంతయో దొరకినచో దాచిపెట్టుట నేరము. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలుపవలయును. నిధి కలదను ఆశతో రాత్రివేళ విగ్రహములక్రింద త్రవ్వువారిని ఊరనుండి తరుమవలసినవారు మీరే. పోలీసులు వచ్చునప్పటికి విగ్రహము పగిలియే యుండును.

మరియు, మీ ఊరి జాతరలో పాడు పాటగాడు వృద్ధుడైనచో, వాని పాట ఈ యేడే యంత్రముపై పట్టింపుడు. వాని కుమారుడు పట్టణమునకు కూలికి పోవుచున్నాడేమో విచారింపుడు. రాత్రియంతయు పాడినవానికి రెండు శేర్ల బియ్యము పెట్టి, మరునాడు వెఱ్ఱిపాటలపెట్టెకు వేలు పోయుచున్నచో, పాట నశించెనని తరువాత వగచుట వ్యర్థము. పాటగానికి కడుపునిండిననే పాట నిలుచును.

ప్రసంగమును ముగించుచున్నాను. మా ఊరి రాతిముక్కలు రెంటిని ఇప్పుడు గుడిలోపల గోడకానించి నిలిపితిమి. నడిమి ముక్కకు చోటు విడిచితిమి. మా పిల్లలు అచ్చటికి వచ్చి, ఈ ఖాళీ ఏమని అడుగుదురు. ఎవరు పగులగొట్టించిరని కూడ అడుగుదురు. వారికి నేనే అని సమాధానము చెప్పుచున్నాను. మీ మనుమలు మిమ్ము అడుగునపుడు మీకట్టి సమాధానము చెప్పవలసిన యవస్థ రాకుండుగాక.